మెడ వెనక

విశాఖలో దీపాల కింద నా బట్టలు నడిచాక
మైకు పెట్టి అడిగారు, మొదటి గుడ్డ ఎక్కడ కుట్టావని.
పొందూరు అన్నాను.
వాలుగ చేప దవడతో దూది ఏకే
అవ్వనొకర్తిని కల్పించాను.
అందరూ రాసుకున్నారు.

మాది విజయనగరం, దాసన్నపేట.
మాయమ్మ నెత్తిన స్టీలు గిన్నెలు, చంకలో పాత బట్టల మూట.
రెండు చీరలకో కేరేజీ,
జరీ ఉంటే పైన గరిటె.
"ఇది సిరగనేదే గుంటా, బేగి కుట్టీసుకో" అని
ఓ సాయంత్రం ఆకుపచ్చ గౌను నా మీదికి విసిరింది.
రెండంగుళాలు వదులు.
బుడ్డి దగ్గర కూచుని పక్కలు బిగించాను.
అదీ మొదటి గుడ్డ.

ఆరో తరగతి, ప్రార్థన వేళ,
వెనక నిలబడ్డ వైదేహి
నా కాలరు తిప్పి చూసింది.
నీలం దారంతో "వై".
ఏమీ అనలేదు.
ఏదో ఒకటి అనుంటే ఈపాటికి మర్చిపోదును.

పైడి అంటే బంగారమని పత్రికలు అర్థం చెబుతున్నాయి.
పైడమ్మనని నేను చెప్పను.
కుట్టిన ప్రతిదానికీ మెడ వెనక, సరిగ్గా అక్కడే,
నా పేరు చీటీ వేయిస్తాను,
నాలుగు మూలలా రెండేసి కుట్లు.

నిన్న కోట జంక్షన్లో కారాగింది.
ఒకామె గిన్నెలు దించి మూట విప్పుతోంది.
పైనే నా జాకెట్టు. మోచేతులు మాసిపోయాయి,
చీటీ మాత్రం ఊడలేదు.
అద్దం సగం దించాను.
పక్కనున్న గుంట దాన్ని భుజాలకి ఆనించుకుని
అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది.

వదులే.
రెండంగుళాలు.