పడని వేలిముద్ర

ఇర్వయ్యో దినానికి సోయా పసుపు తిరిగింది,
కామెర్లు పట్టిన పసిపిల్ల మొఖం లెక్క.
మా తిమ్మాజిపేట దిక్కు ఈ పంట కొత్త.
పత్తికొచ్చే జబ్బు నాకెరుక, కందికొచ్చేది ఎరుక,
దీని నాడి మాత్రం చేతికి దొరకలే.

పక్క చేను జంగయ్య గెట్టు మీద నిలవడి
"రెండు బస్తాలు సల్లుండ్రి, మూడొద్దులల్ల నలుపెక్కుతది" అన్నడు.
ఆయన మాటకు ఎదురేముంది,
ఆయన చేను ఎప్పుడు సూసినా కాకి రెక్కే.

ఫర్జానా మేడమొక్కతే వద్దన్నది.
విత్తేముందు ఆ నల్లపొడి ప్యాకెట్టు ఇచ్చింది ఆమెనే.
బెల్లం నీళ్లల్ల కలిపి గింజలకు పట్టించి
నీడకు గోనె మీద ఆరబెట్టమన్నది.
పెండ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు పెట్టిన.
"అడుగున పని మొదలైంది పెద్దమ్మా, పది రోజులు ఓర్చుకోండి."
ఓర్సుకునుడు ఆమెకు నోటి మాట.
నాకు షావుకారు దగ్గర ముప్పై వేలు.

సొసైటి ముంగట చెప్పుల లైను.
మనుషులు నీడకు, చెప్పులు ఎండకు.
నా చెప్పుకు పిన్నీసుంది, గుర్తువట్టుడు అల్కగ.
రెండోనాడు పొద్దుగూకంగ వంతొచ్చింది.
కుర్మయ్య వేలు వెట్టిండు, మిషిను కూసింది, ఒక బస్తా.
నేను వెట్టిన. కూత లేదు.
కొంగుకు తుడిసి వెట్టిన, తలనూనె రాసి వెట్టిన.
ఎడమది వెట్టమన్నడు. ఎడమది గూడ నాదే కదా,
అది గూడ కలుపు తీసి తీసి నున్నగైంది.
"గీతలు లేవమ్మా" అన్నడు క్లర్కు పిలగాడు,
నేనేదో కావాలని అరగదీసుకొచ్చినట్టు.

ఒక్క బస్తా, రెండెకరాలు.
తూర్పుది తడిసినంత సల్లినం, పడమటిది దేవునికి ఇడిసినం.
రాత్రి సన్నవాన.
తూర్పు దిక్కు నలుపెక్కింది. జంగయ్య మీసం దువ్విండు.
పడమటి దిక్కు సూసినప్పుడల్ల
నడిపి బిడ్డకు పాలు సాలని దినాలు యాదికొచ్చి
ఎద సలిపేది.

నలభయ్యోనాడు మేడమొచ్చి
"పీకొద్దు, తెగిపోతాయి, తవ్వండి" అన్నది.
కుర్పితోని జానెడు లోతు తవ్వి, బిందె నీళ్లల్ల జాడిచ్చిన.

తూర్పు మొక్క వేర్లు దువ్విన ఎంటికలు.
బుడిపెలు ఒకటో రెండో, నలిపితే లోపల తెల్లగ.
వండి పెట్టెటోళ్లుంటె పొయ్యెవలు ముట్టిస్తరు?

పడమటి మొక్కకు
వేరు పొడుగునా గింజలే గింజలు, పెసరంత, మినుమంత,
మట్టి కడిగినా ఇడుస్తలేవు.
ఒకదాన్ని బొటనవేలు మీద పెట్టి గోటితోని నలిపిన.
ఎరుపు.
గాయమెరుపు గాదు, పండ్లు రాని పసిపిల్ల చిగురెరుపు.
మిషిను పట్టని వేలి మీద మరక నిలిచింది.
కంటికి దగ్గర పెట్టుకొని సూసిన.
ఉన్నయి గీతలు.
సన్నగ, ఒకదాని పక్కన ఒకటి, గొర్రు తోలిన సాళ్ల లెక్క.

"గాలిలోంచి తీసుకుంటుంది" అన్నది మేడం.
గాలికి పాసుబుక్కు లేదు, చెప్పుల లైను లేదు.
ముందే చెప్పిన కదా పెద్దమ్మా అనొచ్చు ఆమె.
అనలే. బిందె ఎత్తి నీళ్లు సాళ్లల్ల పారబోసింది.

కోసినంక రెండు కుప్పలు ఏర్పాటుగ తూకమేయించిన.
తూర్పు ఏడు క్వింటాళ్ల పదహారు కిలోలు.
పడమర ఏడు క్వింటాళ్ల ఇరవై.
కాంటా తప్పన్నడు కుర్మయ్య.
తూర్పు దిక్కు పందులు తిన్నయన్నడు జంగయ్య.
నేను లెక్క వేసుకున్నది నాలుగు కిలోలు గాదు,
బస్తా పైసలు, ఆటో కిరాయి, రెండు దినాల కైకిలి.

ఖాళీ సంచి ఒక పక్క కోసి కొప్పెర కుట్టుకున్న, వానకు.
వచ్చే విత్తుకు బెల్లం ఇప్పటిసందే డబ్బల దాస్తున్న.
చీమలు పడుతున్నయి.