పాలు పోయని టీ

సిలిగురికి బండలేసుకపోయిన దస్తగిరి
పదహారో రోజు తిరిగొచ్చి
నా బిల్లుబుక్కు మీద ఒక రేకుడబ్బా పెట్టినాడు.
డబ్బా మీద ఎర్రటి పండు బొమ్మ,
ఉడుంతోలు కప్పుకున్నట్టు గరుకు గరుకుగా.
"లిచీ అంటారప్పా. దీంట్లో పండు లేదు,
టీ ఆకుకు పండు వాసన పట్టించినారు.
పాలు పోస్తే పాపమంట."

"పాలు లేని టీ జరమొచ్చినోళ్ళకు గదా"
అని ఓబుళమ్మ మూతి తిప్పింది.
తిప్పిన మూతితోనే ఎసరు పెట్టి
డబ్బా మొత్తం ఒకేసారి గుమ్మరించింది.
పదకొండు మందికి ఆమెకు తెలిసిన కొలత అదే.

తాడిపత్రిలో మా పాలిష్ షెడ్డుకాడ
ఏది తిన్నా ముందు రాయి తగుల్తుంది నాలుకకు.
సద్దిలో రాయి, ఊరగాయలో రాయి,
బీడీ ముట్టిస్తే పొగలోనూ మెత్తటి రాయి.
మిషన్ ఆపినాక కూడా
చెవుల్లో ఇంకాసేపు తిరుగుతా ఉంటుంది.
ఆ తిరిగేది ఆగేలోపు
గ్లాసులు వచ్చినాయి.

ఎండకు పట్టి చూస్తే
గ్లాసు అవతల దస్తగిరి వేళ్ళు కనబడినాయి.
పాల టీలో ఎప్పుడూ
ఎవరి వేళ్ళూ కనబడలేదు నాకు.

మొదటి గుక్కకు ఏమీ తెలియలేదు.
రెండోది మింగినాక
ముక్కు వెనకనుంచి ఎవరో వచ్చి కూర్చున్నారు.
తాటిముంజను పన్నీట్లో ముంచినారా?
ఊహూఁ, అంత తీపి కాదు.
నాలుక అంచున ఒక వగరు,
పండీ పండని జామకాయది.
నేను తినని పండు నా నోట్లో ఉంది.
దాని గింజ ఏ రంగో కూడా నాకు తెలీదు.

"నిజం పండు ఎట్లుంటుంది?" అడిగినా.
దస్తగిరి తల గోక్కున్నాడు.
ముజఫర్‌పూర్ కాడ రోడ్డు పొడుగునా
గుత్తులు గుత్తులుగా అమ్ముతున్నారంట.
లారీ ఆపను జాగా లేక
కిటికీలోంచి చూసినాడంట, అంతే.
"అయినా మూడు దినాలకు నల్లబడే సరుకు.
మన ఊరు అంత దగ్గరా?"

కుళ్ళాయప్ప తువ్వాలతో మొగం తుడుచుకోని
గ్లాసును ముక్కుకానించి, దించి, మళ్ళీ ఆనించి
"వేడిగా ఉండాది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది మాకు.
ముప్పై ఏండ్ల బండల దుమ్ము
ఆయన ముక్కులోనుంచి ఒక్కొక్కటే ఎత్తుకపోయింది.
ముందు మల్లెపూలు, తర్వాత తిరగమాత.
పోయినేడు ఇంట్లో గ్యాసు కారుతుంటే
పక్కింటోళ్ళొచ్చి చెప్పాల్సొచ్చింది.

"మీరే చెప్పండి" అన్నాడు. "ఇంటా."

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పినాం.
నేను ముంజ అంటే దస్తగిరి ద్రాక్ష అన్నాడు,
కొత్తగా చేరిన పిల్లోడు సబ్బు అని
తిట్లు తిన్నాడు.
ఓబుళమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"పెట్టెలోంచి చీర తీసి మడత విప్పితే
ఎవరో సగం కొరికిన పండు
దాంట్లో మరిచిపోయింటే
అట్లుంది మామా" అంది.

కుళ్ళాయప్ప ఇంకో గుక్క తాగి
ఆ మాటను నములుతున్నట్టు
దవడ ఆడించినాడు.

మర్నాడు
పిప్పిని పారెయ్యను ఓబుళమ్మకు చెయ్యి రాలేదు.
పాలిష్ చేసిన బండ మీద ఆరబోసి ఉండేది,
ఎత్తి మళ్ళీ మరిగించింది.
రంగుంది, పండు లేదు.
విసుక్కోని పాలు పోసింది, అల్లం దంచి వేసింది.
రోజూ తాగే టీ రోజూలాగే వచ్చింది.

కుళ్ళాయప్ప ఒక గుక్క తాగి
మా మొగాలు చూసి నవ్వినాడు.
"ఈ పొద్దు అందరికీ నా టీనే."

డబ్బాలో ఇప్పుడు
బండలకు నంబర్లేసే సుద్దముక్కలు పెట్టుకున్నా.
మూత తీసేటప్పుడు ఒక్కోసారి,
ఒక్క క్షణం,
తర్వాత మళ్ళీ రాయే.