ఆరిన్ గెలిచాడు

ఇరవై ఏళ్లు ఓటేయలేదు ఆరిన్ టటిల్.
"నన్నేలేవాణ్ని నేనే ఎంచుకోవాలా?" అనేవాడు
రంపం పళ్లకి ఆకురాయి పెడుతూ.
నేనూ వేయలేదు.
ఇద్దరమే పార్టీ, ఇద్దరమే మహాసభ,
ఎజెండాలో కాఫీ.

జనవరిలో, న్యూ హ్యాంప్‌షైర్ మంచు మోకాలిదాకా ఉన్నప్పుడు
వచ్చి చెప్పాడు:
ఊరి పన్ను వసూలుదారు పదవికి నిలబడ్డాట్ట.
"గెలిస్తే ఆ కుర్చీ పొయ్యిలో పెడతాను."
కూర్చున్నాక కుర్చీ ఎవరికైనా కట్టెలా కనబడిందా
అని అడిగాను.
నవ్వలేదు. కాఫీ సగంలో వదిలేసి వెళ్లాడు.

మూడు ఓట్ల తేడాతో గెలిచాడు.
వాటిలో నాది లేదు.
ఉందనుకుంటున్నాడు.

పదవి రద్దు చేయాలంటే సభ తీర్మానించాలట.
సభంటే మళ్లీ వచ్చే మార్చేనట.
ఈలోపు సంతకం పడకపోతే
బడి బాయిలర్‌కి నూనె రాదట, రోడ్డుకి ఉప్పు రాదట.
ఒక్కో అట దగ్గరా
అతని గొంతు కాస్త తగ్గింది.

మే నెలలో నోటీసొచ్చింది నాకు.
పదకొండెకరాలు, ఒక కొట్టం, గడువు జూలై ఒకటి.
కింద నాకు తెలిసిన వంకర సంతకం,
అంచున పెన్సిల్‌తో:
"మెర్రిల్, నా నోటీసు ముందు రాసుకున్నాను."

చింపబోయాను.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

మలుపు దగ్గర అతని ట్రక్కు
ఇరుసుదాకా బురదలో.
గొలుసు తెచ్చి కట్టాను. లాగాం.
ఓటు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచి
"ఇంకొంచెం ఎడమకి" అన్నాను.