పదకొండో గోతం

ఉత్తరాల గదిలో నాది గుమాస్తా పని.
జైలు గోడకి ఇవతలా కాదు, అవతలా కాదు,
గోడ మందంలోనే నా కుర్చీ.
ఒక స్టవ్వు, ఒక కత్తెర, ఒక రబ్బరు ముద్ర.
నాలుగు భాషలొచ్చని ఇచ్చారీ ఉద్యోగం.
కిటికీలోంచి సిర్ దర్యా కనిపిస్తుంది,
చలికాలమంతా బూడిద రంగులో, ఎవరితోనూ మాట్లాడకుండా.

మొదటి నెల ఒకే ఒక్క కార్డు.
ముందువైపు మంచులో ఎర్ర పడవ.
వెనక, నిఘంటువు చూసి బొమ్మల్లా గీసిన మా అక్షరాలు:
"నజర్‌దోద్ గారూ, మీరు మాకు గుర్తున్నారు."
గుర్తున్నారులో ఒక అక్షరం తలకిందులుగా ఉంది.
నవ్వొచ్చింది. స్టవ్వులో వేశాను.
ఆజ్ఞ అదే: అతనికొచ్చినవి లెక్క రాయాలి, కాల్చాలి.

బందిపోటేమో అనుకున్నాను.
కాదట. పామీరు కొండల్లో
ముసలమ్మల పక్కన కూర్చుని నీళ్ల మాటలు ఏరుకున్న మనిషట.
వసంతంలో కాలవలోకి మొదట దూకే నీటికో పేరు,
పక్కవాడి వంతులోంచి రాత్రి మళ్లించిన నీటికో పేరు,
రాయి కింద వినపడుతుందే గాని కనపడని నీటికో పేరు.
మూడు వందల పన్నెండు మాటలు, ఒక నోటుబుక్కు.
ఎవరు చెప్పారివి, వాళ్ల పేర్లు చెప్పు, అన్నారు.
అతను నీళ్ల పేర్లు చెప్పాడు.
మళ్లీ అడిగారు. మళ్లీ నీళ్ల పేర్లే.

ఆ గదిలోంచి నా గదిలోకి
గొట్టం గుండా దిగేది శబ్దం.
నేను రేడియో పెట్టుకునేవాణ్ణి.
చేతికి ఎముక లేదంటారే, అడక్కుండా ఇచ్చేవాణ్ణి,
అతని కుడిచేతికి నిజంగానే లేకుండా చేశారు
ఒక్క పేరూ ఇవ్వనందుకు.

రెండో నెల ముప్ఫై. మూడో నెల ఒక గోతం.
ఆ పైన గోతాలే.
మోంటెవీడియోలో బడిపిల్లలు తలా ఒక చేపని గీశారు,
ఒకడి చేపకి కళ్లద్దాలు.
కుమాసీ నుంచి క్వాబెనా అనే లైబ్రేరియను పచ్చ సిరాతో,
మా ఊళ్లో వానకెన్ని పేర్లో మీరే వచ్చి రాసుకోవాలి, అన్నాడు.
ఒసాకా ఆయన ఖాళీ కార్డు పంపేవాడు,
తేదీ తప్ప ఏమీ లేదు. ప్రతి మంగళవారం.
ఎర్ర పడవ ఆవిడ, ఇంగెబోర్గ్, మానలేదు.
తుంటి విరిగిందనీ, పిల్లి పోయిందనీ,
పోస్టాఫీసుకి ఇప్పుడు గంట నడకనీ
అతనికి రాసేది. చదివేది నేను.
ఆ పిల్లి సంగతి ఈ దేశంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.
ఆ కార్డెందుకో జేబులో ఉండిపోయింది.

కాగితాలకి గోడలు కూలతాయిట్రా, అనేవాడు సూపరింటెండెంటు.
కూలవు. కానీ తూకం వెయ్యాలి, సంతకం పెట్టాలి, పైకి పంపాలి.
పదకొండో గోతం దిగిన రోజు రాజధాని నుంచి ఫోను:
"ఎవడయ్యా వాడు? వాడికింతమంది చుట్టాలేమిటి?"
సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఒక దుప్పటి వచ్చింది.
గొట్టంలో శబ్దం ఆగింది.
రేడియో కట్టేశాను. అప్పుడు వినపడింది
నా స్టవ్వు.
ఇన్నాళ్లూ నేను చేస్తూ వచ్చిన శబ్దం.

మార్చిలో వదిలారు.
క్షమాభిక్ష అని రాసి, ఏ నేరానికి అన్నచోట గీత గీశారు.
గేటు బయట అక్క సవ్సన్, అరువు కారు, ఇంజను ఆపకుండా.
నా కిటికీ దగ్గర ఎడమ బొటనవేలు ముద్ర వేశాడు.
"ఉత్తరాలేమన్నా వచ్చాయా?"
నలభై ఒక్క వేల పైచిలుకు, అనలేకపోయాను.
జేబులోది తీసి ఇచ్చాను.
నిలబడే చదివాడు, రెండుసార్లు,
తప్పులు కూడా వదలకుండా.
"పిల్లి పేరేమిటట?"
రాయలేదండీ, అన్నాను.
అయ్యో, అన్నాడు, నిజంగానే బాధపడి,
కార్డు ఎడమ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున ఇంకో గోతం దిగింది.
పేరు వేరు. ఎవరో ఆడమనిషి, భూకంపాల టీచరట.
గదిలో చలి కొరికేస్తోంది.
లెక్కపుస్తకం తెరిచి రాశాను:
అగ్గిపుల్లలు తడిసిపోయినవి.