పదిహేడో వరుస

టీమ్ అమ్ముడుపోయిందంట.
తార్నాక సిగ్నల్ కాడ ఉంటె ఎల్లేశం ఫోన్ జేసి చెప్పిండు,
బియ్యం ధర పెరిగిందన్నట్టే, మామూలుగ.
ఎంతకు అని అడగలే నేను.
ఎవలికి అని గూడ అడగలే.
హెల్మెట్ తీసి ట్యాంక్ మీద పెట్టుకొని
గ్రీన్ పడ్డా కదలకుంట నిలబడ్డ.
ఎనుక బస్సోడు హారన్ కొట్టిండు, తిట్టిండు.
మా రెఫరీల కంటె నయమే,
తప్పు ఎవరిదో వానికి తెలుసు.

లాలాగూడ వర్క్‌షాపుల
షిఫ్ట్ దిగిన పదకొండుమంది
చేతుల గ్రీజు కడుక్కోకుంటనే మొదలుపెట్టిన ఆట ఇది.
మా మామ లెఫ్ట్ బ్యాక్.
ఒక్కటే జత బూట్లు, తమ్మునితోటి పంచుకునేది.
పాత బోగీల పైపులు కోసి
గోల్‌పోస్టులు వెల్డింగ్ చేసుకున్నరు.
అప్పుడు ఓనర్ అన్న మాట లేదు.
చందాలు రాసే నోటుబుక్కు ఉండె,
ఎగ్గొట్టినోని పేరు కింద ఎర్రగీత ఉండె.
ఎర్రగీత పడ్డోడు గూడ ఆదివారం ఆడేది.

తర్వాత ఓనర్ వచ్చిండు,
కోకాపేటల ఆకాశాన్ని అడుగుల లెక్కన అమ్మినోడు.
అబద్ధమెందుకు, సంతోషపడ్డం.
జెర్సీ రంగు మార్చిండు, ఊకున్నం.
పేరు చివర వారియర్స్ అని తగిలించిండు, నవ్వుకున్నం.
గచ్చిబౌలిల లైట్లు, డీజే,
సోఫాల మీద ఆయన చుట్టాలు
బంతికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతుంటె
మనకు గూడ రోజులొచ్చినయనుకున్నం.
అవద్ బావజీర్, మా బార్కస్ గోల్‌కీపర్,
పెనాల్టీ ఆపి మోకాళ్ల మీద కూలబడ్డ రాత్రికి
నాలుగు నెల్ల సంది జీతం లేదంట.
మాకు తర్వాత తెలిసింది.
ఇంటి ఓనర్ ఫోన్‌కు దొరకకుంట తిరిగే మనిషి
ఆ బంతికి ఎట్ల దొరికిండో.

ఓనర్ని తిట్టుడు సులువు. మస్తు తిట్టిన.
బోడుప్పల్ నుంచి గచ్చిబౌలి దాక
తొవ్వ పొడుగూత తిట్టిన.
కని ఒక ముచ్చట ఎల్లేశంకు గూడ చెప్పలే.

బెనెడిక్ట్ సార్ కోచ్‌గ ఉన్నప్పుడు
వరుసగ మూడు మ్యాచులు ఓడినం.
మూడో దాంట్ల, పదిహేడో వరుసల లేచి నిలబడి
"సార్, ఇంటికి పో" అని మొదలు మొత్తుకున్నది నేనే.
పక్కోడు అందుకున్నడు, వాని పక్కోడు,
స్టాండంత ఒక్క గొంతయింది.
నా జిందగిల అంతమంది నా మాట విన్నది
అదొక్కపారే.
సోమవారం సారును తీసేసిన్రు.
ఓనర్ పేపరోళ్లకు చెప్పిండు, అభిమానుల కోరిక అని.
అగ్గి లేచింది నాకు, మమ్ముల ఎవలడిగిండ్రని.
తర్వాత సల్లగ గుర్తొచ్చింది.

మొన్న జింఖానా గ్రౌండ్ కాడ సారును చూసిన.
ఎనిమిదేండ్ల పోరగాండ్లకు
ఎడమకాలుతోటి బంతి ఆపుడు నేర్పుతుండు.
ఒకడు పదిసార్లు తప్పిండు.
పదకొండోసారి గూడ బంతి వాని దిక్కే తోసిండు సారు.
ఫెన్సింగ్ ఇవతల నిలబడి నేను లెక్కపెట్టిన.
పోయి మాట్లాడలే.
చాయ్ తాగిన, వచ్చిన.

ఇగ కొత్తోళ్లు ఏ ఊరికి ఎత్తుకపోతరో.
ఆటగాళ్లు, బస్సు, పేరు, అన్నీ కాగితం మీద పోతయి.
గ్రౌండ్ చూసుకునే పోశెట్టి మాత్రం ఈడనే ఉంటడు,
రెండేండ్ల సంది పొడుగు పైపు అడుగుతున్నడు.
సగం గడ్డికే నీళ్లందుతయి,
అందుకే మా దాడి ఎప్పుడూ పచ్చగున్న దిక్కు నుంచే.

నీకేం గావాలె అని ఎవలన్న అడిగితే
కప్పు అని అననిప్పుడు.
ఏడో తారీఖుకు జీతం. ఇంకో యాభై ఫీట్ల పైపు.
ఓడితే, ఓడినం అని చెప్పే మైకు.
గంతే. గది గూడ ఎక్కువడిగిన్నేమో.

రాత్రి ఎల్లేశం మళ్ల ఫోన్ జేసిండు.
అటక మీద మామ నోటుబుక్కు దొరికిందంట.
ఆఖరి పేజీల ఎర్రగీత ఉన్నదంట, గీత మీద నా పేరు,
పద్నాలుగు రూపాయల యాభై పైసలు బాకీ.
వర్క్‌షాప్ ఎనుక గ్రౌండ్ ఇంక ఖాళీగనే ఉంది,
ఆదివారం రమ్మంటుండు.
బూట్లు లేకున్నా నడుస్తది గని
చిల్లర తెచ్చుకోమన్నడు.