ఎదురు కల్వర్టు మీది గిరాకి

తెల్లారగట్ల మూడున్నరకి
మా గదిలో రోలు మొదలవుతుంది.
రోలు కింద మూడు మడతల గోనెపట్ట,
పైనుండే ఇంటిగలామెకి నిద్ర చెడకుండా
అతను కనిపెట్టిన ఉపాయం.
వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు,
రెండు తెల్లగడ్డలు, చింతపండు రవంత.
పోటు పోటుకీ మణికట్టు తిప్పుతాడు.
వాళ్లమ్మ పచ్చి బొప్పాయి దంచేటప్పుడు
అట్లే తిప్పేదంట.
నేను ఊరిబిండి అంటాను.
అతను ఇంకేదో అంటాడు.
ఘాటుకి మాత్రం ఇద్దరికీ ఒకటే తుమ్ము.

పేరు ప్రసెర్ట్.
కొర్లగుంటలో ఎవురికీ నోరు తిరగలేదు.
పాలబ్బాయి రెండో రోజే ప్రసాదు చేసేసినాడు.
తిరపతిలో ఆ పేరుకి ఎవురూ తిరిగి చూడరు,
మొకానికే చూస్తారు.

కువైట్‌లో ఒకే ఇంట్లో చాకిరీ చేసినాము,
నేను లోపల, అతను వెనక వంటపాకలో.
ఏడేండ్ల దీనార్లు అన్నీ కలిపితే
ఒక బండి, రెండు పొయ్యిలు, ఒక పెనం,
మిగిలింది అప్పు.
బండి ముందు గలాయన బజ్జీలేసేవోడు,
చెక్కలో నూనె కంపు ఇంకి పోయుండాది.
అతనే మూడు రోజులు సోపు నీళ్లతో రుద్దినాడు,
మెట్ల కింద కూర్చోని, ఎవురికీ కనపడకుండా.

ఎందుకంటే అతని పాసుపోర్టులో
నీలం ముద్ర ఒకటుండాది.
ఆఫీసు సారు చదివి చెప్పినాడు,
ఈడ ఉండొచ్చు, పని చేయకూడదు.
"పనంటే ఏంది సార్?"
సారు ఫ్యాను వైపు చూసినాడు.
"బండి కాడ నిలబడకూడదు. దుడ్లు పట్టుకోకూడదు."
"ఎర్రగడ్డలు తరగొచ్చా?"
"ఇంట్లో మొగుడు ఎర్రగడ్డలు తరిగితే
గవర్నమెంటుకెందుకమ్మా!"
నవ్వేసినాడు.
ఆ నవ్వునే లైసెన్సు మాదిరి దాచుకున్నాము.

మొదటి రోజు.
రేణిగుంట రోడ్డు, టైర్ల అంగడి పక్కన.
చీకట్లో బండి తోసుకొచ్చినాడు,
నీళ్ల క్యాన్లు దించినాడు,
చక్రానికి రాయి పెట్టినాడు,
తెల్లారేలోపల రోడ్డు దాటి
కల్వర్టు మీద కూర్చున్నాడు.
మా ఇద్దరికీ నడాన
లారీలు, ఆటోలు,
గోవిందా అంటా పోయే గుండుతలల బస్సులు.

మొదటి దోసె పెనానికి అతుక్కునింది.
రెండోది చినిగింది.
ఎదురుగా అతని చెయ్యి
గాలిలోనే ఎర్రగడ్డ కోసి
గాలిలోనే పెనం రుద్దింది.
చూసి రుద్దినాను.
మూడోది లేచింది.

ఆటో మొగిలీశు నాలుగు తిని
"బిండి అదిరింది చెంగమ్మక్కా,
ఎవురు నూరినారు?" అన్నాడు.
"మా ఇంట్లో" అన్నాను.
ఇంట్లో అంటే ఒక మనిషని
వాడికి తెలియాల్సిన పని లేదు.

ఎనిమిదింటికి కానిస్టేబులు.
తింటా తింటా కల్వర్టు వైపు గడ్డం ఎత్తి
"ఎవురా మనిషి? పొద్దన్నుంచి ఆడే ఉండాడు."
నోట్లోకి వచ్చిందే అనేసినాను.
"గిరాకి సార్."
"గిరాకైతే తినడేం?"

పెనం కాలతా ఉండాది.
నేను పిలవలేదు.
అతనికొచ్చే పది తెలుగు మాటల్లో
గిరాకి లేదు.
అయినా లేచినాడు.
అటూ ఇటూ చూసి రోడ్డు దాటినాడు.
ఎన్నడూ నన్ను చూడనోడి మాదిరి నిలబడి
వేలొకటి చూపించినాడు.
పొద్దన్నే టీకని నేనిచ్చిన ముప్పై రూపాయలు
తీసి బండి మీద పెట్టినాడు.
మొగుడి దగ్గర దుడ్లు తీసుకునేది కొత్త కాదు,
చెయ్యి తగలకుండా తీసుకునేది కొత్త.

ఎర్రకారం దండిగా పూసి
అంచులు మాడ్చి ఇచ్చినాను, అతనికట్లే ఇష్టం.
తాను నూరిన బిండిని తానే నాకి చూసి
ముక్కు చిట్లించినాడు.
కానిస్టేబులు నవ్వి పోయినాడు,
దుడ్లియ్యకుండా.

సాయంత్రం లెక్క రాసేటప్పుడు
ముప్పై నాలుగు దోసెలు.
అతనిది కలపాలా వద్దా అని
పెన్ను నిలబెట్టినాను.
రోలు కడుగుతా అతను
తడి వేలొకటి పైకెత్తినాడు.
ముప్పై అయిదు.
కింద ఇంకో వరస రాసినాను,
రేపు ఉప్పు రవంత ఎక్కువ.