మంగళవారం తల్లి

మంగళవారాల్లో నేను తల్లిని.
గంటకు పద్దెనిమిది డాలర్లు, మధ్యాహ్నం సూపు ఉచితం.
మిగతా రోజుల్లో బడి వంటశాలలో పళ్ళేలు కడుగుతాను.

సుపీరియర్ సరస్సు ఒడ్డున, మూతపడ్డ చెప్పుల దుకాణం మేడమీద
జిల్లా శిశు సంక్షేమ శాఖ వాళ్ళు ఒక ఇల్లు కట్టారు.
పైకప్పు లేదు, వంటగదికి నాలుగో గోడ లేదు,
తలుపు మాత్రం ఉంది.
అసలు పాఠమంతా తలుపు దగ్గరే కదా.

వడ్రంగి తోయివో గోడకొక గుంట పెట్టాడు,
తాగొచ్చిన మొగుడి పిడికిలంత,
స్కేలు పెట్టి కొలిచి మరీ.
ఫ్రిజ్‌లో తేదీ దాటిన పాలడబ్బా.
సోఫా కింద మూతలేని మాత్రల సీసా.
కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు వచ్చి ఇవన్నీ కనిపెట్టాలి.
కనిపెడితే మార్కులు.

నా బిడ్డ ఏడు పౌండ్లు, లోపలంతా ఇసుక.
సోమవారం రాత్రి వీపు కుట్టు ఊడిందేమో చూసుకుంటాను.

తలుపు కొట్టడంలో ఎన్ని రకాలో!
అప్పులవాడిలా కొట్టేవాళ్ళు,
పోలీసుల్లా కొట్టేవాళ్ళు,
లోపల ఎవరూ లేకపోతే బాగుండునని కొట్టేవాళ్ళు.
నాలుగో పేజీలో నేను అరవాలి. అరుస్తాను,
"నా బిడ్డ జోలికొస్తే..." అని.
అక్కడితో ఆపాలి. మిగతాది రాసినవాళ్ళకీ తెలియదు.

ఫిబ్రవరిలో ఒకడొచ్చాడు, కోల్టన్ లజునెస్,
మీసం ఇంకా ఒక నిర్ణయానికి రాని వయసు.
రెండుసార్లు కొట్టి ఆగాడు.
"బూట్ల నిండా మంచండీ, విప్పి రానా?" అన్నాడు.

స్క్రిప్టులో దానికి జవాబు లేదు.

నా ఆరో ఏట మా తలుపూ కొట్టారు,
కింద సగం కుక్క గీరిన నిజం తలుపు.
వచ్చినావిడ మంచిదే, గొంతు కూడా మెత్తన.
బూట్లు మాత్రం విప్పలేదు.
మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు
మా తివాచీ మీద తెల్లగా ఎండింది,
నా మంచం దాకా ఒక వరస, తిరిగి గుమ్మం దాకా ఒక వరస.
ఆ రెండో వరసలో నా పాదాలు లేవు.
నన్ను ఎత్తుకున్నారు.
అమ్మ దాన్ని తుడవలేదట.
నెలకోసారి, గాజు కిటికీ ఉన్న గదిలో, గంటసేపు కలిసేవాళ్ళం.
మూడు నెలలూ అదే మాట చెప్పింది.
నేను బొమ్మలకు రంగులేసుకుంటూ ఊఁ కొట్టాను.

"విప్పు" అన్నాను కోల్టన్‌తో.
మేజోడు చిరుగులోంచి బొటనవేలు. నేలమీద కూర్చున్నాడు.
"రాత్రి నిద్రపట్టిందా?" అన్నాడు,
బిడ్డకో నాకో తెలియలేదు.
నాలుగో పేజీ వచ్చి వెళ్ళిపోయింది. నేను అరవలేదు.
మాత్రల సీసా వాడికి కనబడలేదు.
రోవేనా మేడం పన్నెండు మార్కులు కోసింది. న్యాయమే.
నిజం ఇంట్లో బిడ్డ పాకుతూ సోఫా కిందికే పోతుంది,
ఎవరో బూట్లు విప్పారని ఆగదు.

ఏప్రిల్లో రాజధాని నుంచి తొమ్మిది పేజీల ఉత్తర్వు.
ఇకమీదట పిల్లల్ని ఇల్లు కదల్చకుండా కాపాడటమే విధానమట.
చదివి సంతోషమేసింది, ఒట్టు.
ముప్ఫై నాలుగేళ్ళు ఆలస్యమైతేనేం.
ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో,
ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి డబ్బు దూకింది.
దూకిన చోట మేమున్నాం.
"శిక్షణ గృహం: సున్న."
తోయివో నవ్వాడు,
"ఇళ్ళు నిలబెట్టడానికి ముందు దీన్ని పీకమన్నారు."

జూన్ ఆఖరి మంగళవారం గోడలు విప్పారు.
గుంట ఉన్న పలకను తోయివో కోళ్ళగూటికి పట్టుకెళ్ళాడు,
గాలి ఆడుతుందని.
గుమాస్తా జాబితా చదువుతూ వచ్చాడు.
సోఫా, ఒకటి. పాలడబ్బా, ఖాళీది, ఒకటి.
శిశువు, ఒకటి. స్వాధీనం చేసినట్టు ఇక్కడ సంతకం.
పెట్టాను. వెర్నా కోస్కెలా, పూర్తి పేరు.
అతను దాన్ని ఒక కాలు పట్టుకుని లేపాడు.

"తల కింద చెయ్యి పెట్టు నాయనా."

జాబితా కింద పడేసి
పెట్టాడు.